విండోస్ 11 లోపల ఎక్స్‌పీ: పాత పేజ్‌మేకర్, అను ఫాంట్ల ఫైళ్ల కోసం వర్చువల్ మెషిన్ తయారీ

పాత డీటీపీ (అచ్చుకు పేజీలు కూర్చే) కంప్యూటర్ మూలన పడింది. పదిహేనేళ్ల పుస్తకాలు, పత్రిక సంచికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పాత అడోబీ సాఫ్ట్‌వేర్ ఫైళ్లుగా, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో అవి తెరుచుకోవు, తెరుచుకున్నా అక్షరాలు కనబడవు. చిన్న పత్రికలు నడిపేవారు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకున్న రచయితలు, ప్రెస్సులవారు పదేపదే అడుగుతున్నది ఈ సంగతే.

పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో తెరవవచ్చు కదా అంటారు కొందరు. ఇన్‌డిజైన్ సీఎస్6 అయితే పేజ్‌మేకర్ 6.0 నుంచి 7.0 వరకు ఫైళ్లను తెరుస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సీసీ తెరవదు. తెరిచినా పంక్తులు ఎక్కడ విరుగుతాయో చెప్పలేం, నాలుగు వందల పేజీల పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి. ఆ ఫైలు ఏ వాతావరణంలో పుట్టిందో ఆ వాతావరణాన్నే తిరిగి కల్పించడం మేలు. అంటే కొత్త కంప్యూటర్‌లోనే ఒక కిటికీలో ఎక్స్‌పీని నడపడం. అందుకు వర్చువల్‌బాక్స్ చాలు, ఉచితంగా దొరుకుతుంది.

ఇక్కడ "బయటి విండోస్" అంటే మీ అసలు కంప్యూటర్, "లోపలి ఎక్స్‌పీ" అంటే వర్చువల్ మెషిన్. వరుస తప్పకుండా చేయండి. వచ్చే చిక్కుల్లో సగం వరుస మార్చినందువల్ల వచ్చేవే.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

□ ఎక్స్‌పీ సీడీ, దాని లైసెన్సు కీ. 32 బిట్, సర్వీస్ ప్యాక్ 3 ఉన్నదైతే మంచిది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన సీడీ అయితే ఆ లైసెన్సు ఆ కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది. విడిగా కొన్న సీడీ వాడండి.

□ పేజ్‌మేకర్ సీడీ, కీ. 6.5లో చేసిన ఫైళ్లను 7.0 తెరుస్తుంది, కాబట్టి 7.0 ఉంటే చాలు.

□ అను ఫాంట్లలో టైప్ చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, మీరు పాత కంప్యూటర్‌లో వాడిన సంచికే (వెర్షనే).

□ పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు, లేదా అందులోని ఫైళ్ల నకలు.

□ బయటి కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్, 60 జీబీ ఖాళీ స్థలం.

పాత కంప్యూటర్ వెలగకపోయినా హార్డ్ డిస్కు బాగుండవచ్చు. దాన్ని ఊడదీసి, యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు కలపండి. పాత డిస్కుల్లో ఐడీఈ, సాటా అని రెండు రకాల కనెక్టర్లు ఉంటాయి, రెండింటికీ పనికొచ్చే అడాప్టర్ తీసుకోండి. మీ ఫైళ్లతో పాటు పాత విండోస్ లోపలి ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా మొత్తంగా కాపీ చేసుకోవాలి. ఒకే పేరున్న ఫాంటు రెండు సంచికల్లో కొంచెం తేడాగా ఉండవచ్చు. ఆ తేడా ఒక్క వెంట్రుకవాసి అయినా పేరా చివరి పంక్తి మారిపోతుంది.

సీడీలను నేరుగా వాడకుండా ఐఎస్ఓ ఫైళ్లుగా (సీడీ మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా) మార్చి పెట్టుకోండి. ఇమ్‌జ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్‌లో డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు తయారుచేసే మీట ఉంది. ఇరవై ఏళ్ల సీడీ ఎప్పుడు చదవడం మానేస్తుందో చెప్పలేం, ఈ పని మాత్రం ఇవాళే చేయండి.

పాత సాఫ్ట్‌వేర్‌కు లాక్ (కంప్యూటర్‌కు తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళం లాంటి పరికరం) ఉంటే దాని రకం చూడండి. యూఎస్‌బీ లాక్ అయితే వర్చువల్ మెషిన్‌కు అందించవచ్చు. ప్రింటర్ పోర్టుకు తగిలించే పాత ప్యారలల్ లాక్ అయితే ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎం వరుస చిప్‌లున్న మ్యాక్‌లో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ వర్చువల్‌బాక్స్ ఎక్స్‌పీని నడపలేదు. యూటీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అనుకరణ పద్ధతిలో నడుపుతుంది కానీ నెమ్మదిగా ఉంటుంది.

2. కంప్యూటర్ సిద్ధంగా ఉందో లేదో చూడటం

టాస్క్ మేనేజర్ తెరిచి, "పెర్ఫార్మెన్స్"లో సీపీయూ మీద నొక్కండి. కింద "వర్చువలైజేషన్: ఎనేబుల్డ్" అని ఉండాలి. "డిజేబుల్డ్" అని ఉంటే బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి మార్చాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దీన్ని వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని రాస్తారు.

వర్చువల్‌బాక్స్‌కు ముందు మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ఎక్కించండి. అది లేకపోతే ఇన్‌స్టలేషన్ మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత అధికారిక సైటు నుంచి వర్చువల్‌బాక్స్ దించుకుని ఎక్కించండి.

3. వర్చువల్ మెషిన్ సృష్టించడం

"న్యూ" నొక్కి పేరు పెట్టండి. ఎక్స్‌పీ ఐఎస్ఓను చూపండి. రకంగా విండోస్ ఎక్స్‌పీ 32 బిట్‌ను ఎంచుకోండి. తనంతట తాను ఇన్‌స్టాల్ చేస్తానని వర్చువల్‌బాక్స్ అడుగుతుంది. దానికి ఒప్పుకోకండి, మనమే చేద్దాం.

□ ర్యామ్: 1024 ఎంబీ. పేజ్‌మేకర్‌కు ఇది ధారాళం.

□ ప్రాసెసర్: ఒక్కటే. ఎక్కువ ఇస్తే వేగం పెరుగుతుందన్నది భ్రమ. తర్వాత మార్చినా ఎక్స్‌పీకి నప్పదు.

□ హార్డ్ డిస్కు: 20 జీబీ, వాడకాన్ని బట్టి పెరిగే రకం.

□ స్టోరేజ్: ఐడీఈ కంట్రోలర్. సాటాకు మార్చవద్దు.

□ యూఎస్‌బీ: లాక్ ఉంటే 2.0 లేదా 1.1. ఎక్స్‌పీలో సొంతంగా యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు.

□ నెట్‌వర్క్: ఆపేయండి.

నెట్‌వర్క్ గురించి ఒక మాట. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. పేజీలు పెట్టడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ గుర్తును తీసేసి ఆ ఊసే మరిచిపోండి. యాక్టివేషన్ అడిగితే అప్పటికి మాత్రం పెట్టి, పని కాగానే మళ్లీ తీసేయండి. యాక్టివేషన్ గడువు 30 రోజులు.

4. ఎక్స్‌పీ ఎక్కించడం

"స్టార్ట్" నొక్కగానే నీలం తెర వస్తుంది. ఎంటర్, ఆ తర్వాత ఒప్పందానికి ఎఫ్8. ఖాళీ డిస్కును ఎంచుకుని ఎన్‌టీఎఫ్ఎస్ క్విక్ ఫార్మాట్ చేయండి.

ఫైళ్లు కాపీ అయ్యాక మెషిన్ మళ్లీ మొదలవుతుంది. సీడీ నుంచి మొదలుపెట్టడానికి ఏదైనా మీట నొక్కమని అడుగుతుంది. ఈసారి ఏమీ నొక్కకండి. నొక్కితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

ప్రాంతీయ సెట్టింగుల్లో యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష ఇంగ్లిషు, యునైటెడ్ స్టేట్స్ అనే ఉండాలి. తెలుగు పని కదా అని తెలుగు కోసం వెతకకండి. అను ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిషు అక్షరాలు, యూరప్ భాషల గుర్తులు ఉండే గళ్లలో దాచుకుంటాయి. ఆ గళ్ల పట్టిక మారితే గుడి ఉండాల్సిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంటుంది.

5. గెస్ట్ అడిషన్స్, షేర్డ్ ఫోల్డర్

ఎక్స్‌పీ డెస్క్‌టాప్ వచ్చాక పైనున్న "డివైసెస్" మెనూలో గెస్ట్ అడిషన్స్ (లోపలి ఎక్స్‌పీ వర్చువల్‌బాక్స్‌తో కలిసి పనిచేయడానికి ఎక్కించే డ్రైవర్లు) సీడీ పెట్టే మీట నొక్కండి. లోపల సీడీ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేస్తుంటే డ్రైవర్ పరీక్షలో నెగ్గలేదని హెచ్చరిక వస్తుంది. "కంటిన్యూ ఎనీవే" నొక్కి ముందుకు వెళ్లండి, ఆపై రీస్టార్ట్ చేయండి. ఇక కిటికీ పరిమాణాన్ని బట్టి తెర సర్దుకుంటుంది.

కొత్త సంచిక అడిషన్స్ ఎక్స్‌పీలో ఎక్కనని మొరాయిస్తే, వర్చువల్‌బాక్స్ సైటులోని పాత సంచికల విభాగం నుంచి 6.1 లేదా 5.2 గెస్ట్ అడిషన్స్ ఐఎస్ఓ తెచ్చి ప్రయత్నించండి.

బయటి విండోస్‌లో ఫైళ్ల రాకపోకల కోసం ఒక ఫోల్డర్ తయారుచేసి, దాని పేరు ఇంగ్లిషులో పెట్టండి. దాన్ని షేర్డ్ ఫోల్డర్‌గా చేర్చి "ఆటో మౌంట్", "పర్మనెంట్" గుర్తులు పెట్టండి. లోపల అది ఒక డ్రైవ్‌గా కనబడుతుంది. దాన్ని గుమ్మంలాగా వాడండి, గదిలాగా వాడకండి. ఫైలును అక్కడి నుంచి లోపలి డిస్కుకు కాపీ చేసుకుని పని చేయాలి, పని అయ్యాక తిరిగి కాపీ చేయాలి. పేజ్‌మేకర్‌లో నేరుగా షేర్డ్ ఫోల్డర్ నుంచి తెరిచి పని చేస్తే, మధ్యలో మెషిన్ ఆగినప్పుడు ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది.

6. రెండో డిస్కు: దీన్ని దాటవేయవద్దు

స్నాప్‌షాట్ అంటే మెషిన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా భద్రపరచడం. ఏదైనా చెడితే అక్కడికి తిరిగి వెళ్లవచ్చు. కానీ తిరిగి వెళ్లినప్పుడు ఆ తర్వాత చేసిన పని కూడా పోతుంది. ఇది నాకు అనుభవంతో తెలిసింది. ఒక ఫాంటు తేడాగా కనబడుతుంటే సరిచేద్దామని పాత స్నాప్‌షాట్‌కు వెళ్లాను. ఫాంటు బాగుపడింది. మూడు రోజులు కూర్చుని పెట్టిన ప్రత్యేక సంచిక పేజీలు లేవు. అవి సీ డ్రైవ్‌లో ఉన్నాయి, సీ డ్రైవ్ మొత్తం వారం వెనక్కి వెళ్లింది.

అందుకే వ్యవస్థ ఒక డిస్కులో, పని మరో డిస్కులో ఉండాలి. మొదటి స్నాప్‌షాట్ తీయకముందే ఇది చేయండి.

□ మెషిన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి.

□ వర్చువల్‌బాక్స్ మొదటి కిటికీలో మీడియా మేనేజర్‌కు వెళ్లి 20 జీబీ కొత్త డిస్కు సృష్టించండి.

□ దాని "అట్రిబ్యూట్స్"లో రకాన్ని "రైట్‌త్రూ" చేయండి. ఈ రకం డిస్కును స్నాప్‌షాట్‌లు తాకవు.

□ ఇప్పుడు మెషిన్ సెట్టింగ్స్‌లో, స్టోరేజ్‌లో, ఐడీఈ కంట్రోలర్ కింద దాన్ని తగిలించండి.

□ ఎక్స్‌పీ మొదలుపెట్టి, "మై కంప్యూటర్" మీద కుడి మీట నొక్కి "మేనేజ్", అందులో "డిస్క్ మేనేజ్‌మెంట్" తెరవండి. కొత్త డిస్కును ఇనిషియలైజ్ చేయమని అడుగుతుంది, చేయండి. డైనమిక్ డిస్కుగా మార్చమంటే మాత్రం వద్దనండి. ఆపై ఆ డిస్కులో పార్టిషన్ చేసి ఫార్మాట్ చేయండి.

డ్రైవ్ అక్షరం విషయంలో ఇంకో ఉపాయం ఉంది. పేజ్‌మేకర్ బొమ్మల చిరునామాను ఫైలులో రాసుకుంటుంది. మీ పాత కంప్యూటర్‌లో పని అంతా డి డ్రైవ్‌లో ఉండేదనుకోండి. ఇక్కడ సీడీ డ్రైవ్ ఆ అక్షరాన్ని ఆక్రమించి ఉంటుంది. ముందు సీడీ డ్రైవ్‌కు ఆర్ అని ఇచ్చి, ఖాళీ అయిన డి అక్షరాన్ని కొత్త డిస్కుకు ఇవ్వండి. పాత ఫోల్డర్లను అవే పేర్లతో, అదే అమరికతో అందులో పెట్టండి. అప్పుడు ఫైలు తెరిచినప్పుడు ప్రతి బొమ్మకూ "ఎక్కడుంది?" అన్న ప్రశ్న రాదు. పెళ్లి పత్రికలు, సావనీర్లు చేసినవారికి ఈ ఒక్క సర్దుబాటుతో గంటలు కలిసొస్తాయి.

ఇక నుంచి స్నాప్‌షాట్‌ను ఎప్పుడూ మెషిన్ పూర్తిగా ఆగి ఉన్నప్పుడే తీయండి. నడుస్తుండగా తీసి, తర్వాత దానికి తిరిగి వెళితే, ఎక్స్‌పీ జ్ఞాపకంలో ఉన్న డి డ్రైవ్ ఒకటి, నిజంగా ఉన్నది మరొకటి అవుతుంది. డిస్కు చెడిపోవచ్చు.

ఇప్పుడు మొదటి స్నాప్‌షాట్ తీసి "ఖాళీ ఎక్స్‌పీ" అని అర్థమయ్యే పేరు పెట్టండి.

7. ప్రింటర్, ఫాంట్లు, పేజ్‌మేకర్: ఈ వరుసలోనే

ముందు ప్రింటర్. నిజం ప్రింటర్ లేకపోయినా ఒకటి ఎక్కించాలి. పేజ్‌మేకర్ తాను ఏ ప్రింటర్ కోసం పేజీని కూర్చుతున్నానో చూసుకుని పంక్తులు లెక్కిస్తుంది. ప్రింటర్లను చేర్చే చోట లోకల్ ప్రింటర్ ఎంచుకుని, పోర్టుగా "ఫైల్" పెట్టి, ఎక్స్‌పీతోనే వచ్చే ఆపిల్ లేజర్‌రైటర్ వరుసలో పీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్, అంటే ప్రింటర్‌కు పేజీని వివరించే భాష) అని ఉన్న ఒకదాన్ని ఎంచుకోండి. పాత కంప్యూటర్‌లో వాడిన పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ పేరు గుర్తుంటే అదే పెట్టడం ఇంకా మంచిది.

ఆ ప్రింటర్ "ప్రింటింగ్ డిఫాల్ట్స్"లో, "అడ్వాన్స్‌డ్"లో మూడు మార్పులు:

□ ట్రూటైప్ ఫాంట్: "డౌన్‌లోడ్ యాజ్ సాఫ్ట్‌ఫాంట్".

□ ట్రూటైప్ డౌన్‌లోడ్ ఆప్షన్: "అవుట్‌లైన్".

□ పోస్ట్‌స్క్రిప్ట్ అవుట్‌పుట్: "ఆప్టిమైజ్ ఫర్ పోర్టబిలిటీ".

మొదటిది మార్చకపోతే తెలుగు ఫాంటు స్థానంలో ప్రింటర్ సొంత ఫాంటు వచ్చి, పీడీఎఫ్‌లో ఇంగ్లిషు అక్షరాల గందరగోళం మిగులుతుంది.

తర్వాత అను స్క్రిప్ట్ మేనేజర్, పాత కంప్యూటర్ నుంచి తెచ్చిన ఫాంట్లు. వందల ఫాంట్లు ఒకేసారి ఎక్కించకండి, పేజ్‌మేకర్ బరువెక్కి నెమ్మదిస్తుంది. ఇప్పుడు తెరవబోయే ఫైళ్లకు కావలసినవి చాలు. ఆ తర్వాతే పేజ్‌మేకర్. అన్నీ నడుస్తున్నాయని చూసి, షట్‌డౌన్ చేసి, రెండో స్నాప్‌షాట్ తీయండి.

8. మొదటి ఫైలు తెరిచి సరిచూడటం

అచ్చయిన పుస్తకం మీ దగ్గర ఉన్న ఫైలునే మొదట తెరవండి. ఫాంటు దొరకలేదని, దాని బదులు ఇంకొకటి పెడతానని పేజ్‌మేకర్ అంటే అంగీకరించవద్దు. ఆ ఫాంటు పేరు రాసుకుని, సేవ్ చేయకుండా మూసేసి, ఫాంటు ఎక్కించి మళ్లీ తెరవండి.

ఇప్పుడు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. మొదటి పేజీ చూస్తే చాలదు. ఒక అధ్యాయం మధ్య పేజీకి వెళ్లి చివరి పంక్తి చివరి పదం చూడండి. పుస్తకంలో 37వ పేజీ "అన్నాడు" అని ముగిసి, తెర మీద ఆ "అన్నాడు" 38వ పేజీకి జారిపోయి ఉంటే, ఎక్కడో ఒక పేరాలో ఒక పంక్తి పెరిగినట్టు. వెనక్కి వెళుతూ మొదట తేడా వచ్చిన పేరాను పట్టుకోండి. కారణం దాదాపు ఎప్పుడూ రెండింటిలో ఒకటి: ఫాంటు సంచిక వేరు కావడం, లేదా "డాక్యుమెంట్ సెటప్"లో పేజీని కూర్చే ప్రింటర్ వేరు కావడం. ప్రింటర్ మార్చి చూడండి, తర్వాత ఫాంటు మార్చి చూడండి. రెండూ ఒకేసారి మార్చితే తప్పు ఎక్కడుందో తెలియదు.

6.5 ఫైలు 7.0లో పేరు లేని కొత్త నకలుగా తెరుచుకుంటుంది. కొత్త పేరుతో సేవ్ చేయండి, పాతదాన్ని కదిలించకండి.

9. పీడీఎఫ్ తీయడం

ప్రింట్ కిటికీలో ఆ పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌ను ఎంచుకుని ఫైలుకు ప్రింట్ చేయండి. పేజ్‌మేకర్ 7.0తో పాటు వచ్చే డిస్టిల్లర్‌లో ఆ ఫైలు వేస్తే పీడీఎఫ్ వస్తుంది. డిస్టిల్లర్ లేకపోతే పీఎస్ ఫైలును గుమ్మం ఫోల్డర్ ద్వారా బయటికి తెచ్చి, ఉచితంగా దొరికే గోస్ట్‌స్క్రిప్ట్‌తో మార్చుకోండి.

పీడీఎఫ్‌ను బయటి విండోస్‌లోనే తెరిచి చూడాలి. లోపల ఫాంట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ అంతా బాగానే కనబడుతుంది. బయట ఆ ఫాంట్లు లేవు, ఏ అక్షరమైనా పీడీఎఫ్‌లో ఇమడకపోతే అక్కడే బయటపడుతుంది. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూసి, ప్రతి ఫాంటు పక్కనా "ఎంబెడెడ్" అని ఉందో లేదో చూడండి.

10. తరచు ఎదురయ్యే చిక్కులు

మెషిన్ చాలా నెమ్మదిగా ఉంది, కింద పచ్చ తాబేలు గుర్తు కనబడుతోంది: బయటి విండోస్ సొంత వర్చువల్ మెషిన్ వ్యవస్థ అయిన హైపర్-వీ ప్రాసెసర్ సదుపాయాన్ని పట్టుకుని ఉంది. "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్"లో హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఇంకా తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో "మెమరీ ఇంటిగ్రిటీ" కారణం. అది భద్రతకు సంబంధించినది. పేజ్‌మేకర్ తాబేలుతో కూడా పని చేయగలిగినంత నడుస్తుంటే దాన్ని అలాగే ఉంచమని నా సలహా.

నీలం తెర మీద చివర 7బి ఉన్న సంఖ్య: డిస్కు సాటా కంట్రోలర్ మీద ఉంది. ఐడీఈకి మార్చండి.

కుడి కంట్రోల్ మీట పనిచేయడం లేదు: వర్చువల్‌బాక్స్ దాన్ని తన మీటగా వాడుకుంటుంది. టైపింగ్‌లో మీకు అది అవసరమైతే "ప్రిఫరెన్సెస్", "ఇన్‌పుట్"లో వేరే మీటకు మార్చండి.

టైప్ చేస్తే అక్షరాలు తారుమారుగా వస్తున్నాయి: లోపలా బయటా రెండు చోట్లా తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ నడుస్తుందేమో చూడండి. బయటిదాన్ని ఆపండి. తర్వాత లోపల ఎంచుకున్న కీబోర్డు అమరిక ఆపిలా, మాడ్యులరా, మీ చేతికి అలవాటైనదేనా చూసుకోండి.

తెర మరీ చిన్నగా ఉంది: "వ్యూ" మెనూలో వర్చువల్ స్క్రీన్‌ను 150 లేదా 200 శాతానికి పెంచండి.

లాక్ కనబడటం లేదు: మెషిన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ ఫిల్టర్‌గా ఆ లాక్‌ను చేర్చి, మెషిన్ మొదలయ్యాక లాక్‌ను ఊడదీసి మళ్లీ పెట్టండి.

11. అక్షరాలను యూనికోడ్‌లోకి తేవాలంటే

పుస్తకాన్ని వెబ్‌లో పెట్టాలన్నా, ఈబుక్ చేయాలన్నా పాఠం యూనికోడ్‌లోకి (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతిలోకి) రావాలి. లోపల కాపీ చేసి బయట అతికిస్తే ఇంగ్లిషు గుర్తుల వరద వస్తుంది. అది పాడైపోవడం కాదు, ఫాంటు ముసుగు తొలగిందంతే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి.

పేజ్‌మేకర్ నుంచి ఎగుమతి చేసేటప్పుడు ఉత్త టెక్స్ట్‌గా కాకుండా ఆర్‌టీఎఫ్‌గా చేయండి. ఉత్త టెక్స్ట్‌లో ఏ మాట ఏ ఫాంటులో ఉందో సమాచారం పోతుంది. అప్పుడు మధ్యలో ఉన్న ఇంగ్లిషు పేర్లను కూడా కన్వర్టర్ తెలుగు అనుకుని అర్థం లేని అక్షరాలుగా మార్చేస్తుంది. ఫాంటు పేరు చూసి మార్చే కన్వర్టర్ అయితే ఆ బాధ ఉండదు.

మార్చాక చదవాల్సింది ముఖ్యంగా ఒత్తులను, ఐత్వాన్ని, అంకెలను. ఒత్తు పక్క అక్షరానికి అతుక్కుపోవడం మామూలు.

12. నకళ్లు

వారానికొకసారి ఎక్స్‌పీని లోపలి నుంచే షట్‌డౌన్ చేసి, వర్చువల్ మెషిన్ ఫోల్డర్ మొత్తాన్ని విడిగా తగిలించే హార్డ్ డిస్కుకు కాపీ చేయండి. రెండో డిస్కు ఫైలు వేరే ఫోల్డర్‌లో ఉంటే దాన్ని కూడా. స్నాప్‌షాట్‌ల ఫోల్డర్‌లోని ఫైళ్లను స్థలం కోసం చేత్తో తీసేయవద్దు. అవి ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి, ఒక్కటి పోతే మెషిన్ తెరుచుకోదు. తీసేయాలంటే వర్చువల్‌బాక్స్ లోపలి నుంచే తీయండి.

నకలు పనిచేస్తుందో లేదో ఒకసారి వేరే కంప్యూటర్‌లో పెట్టి, ఎక్స్‌పీ మొదలయ్యే దాకా కాదు, డి డ్రైవ్‌లోని ఒక పుస్తకం పేజ్‌మేకర్‌లో తెరుచుకుని 37వ పేజీ సరిగ్గా ముగిసే దాకా చూడండి.